మీ ఇంటి సిపాయి ఎవరు? బ్రిటిష్ పటాలాల్లో పనిచేసిన ముత్తాత ఆచూకీ తీయడం ఎలా

మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో, పెళ్ళినాటి పట్టుచీర కింద, గుడ్డలో చుట్టిన వెండి బిళ్ళ ఒకటి ఉండేది. ఒకవైపు రాజు తల, రెండోవైపు గుర్రం మీద ఒంటిమీద బట్టల్లేని మనిషి. దాని గురించి ఇంట్లో అందరికీ తెలిసింది ఒక్క మాటే: "మా తాత జర్మనీ యుద్ధంలో బస్రా వెళ్ళాడు, మరి రాలేదు." ఫొటో లేదు, ఉత్తరం లేదు, ఏ రోజు పోయాడో కూడా తెలీదు. అమ్మమ్మ పోయాక ఆ బిళ్ళ నా చేతికొచ్చింది. అక్కడ మొదలుపెడితే ఆయన సైనిక నంబరు, తండ్రి పేరు, ఊరు, చనిపోయిన తేదీ దొరకడానికి మూడేళ్ళు పట్టింది. అందులో సగం కాలం తప్పు చోట వెతకడంలోనే పోయింది కాబట్టి, మళ్ళీ మొదటినుంచి చేయాల్సి వస్తే ఏ వరసలో చేస్తానో ఆ వరసలో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి 13 లక్షల మందికి పైగా పనిచేశారు, సుమారు 74,000 మంది చనిపోయారు. రెండోదానిలో 25 లక్షల మంది చేరితే సుమారు 87,000 మంది పోయారు. అంతకుముందు నూటయాభై ఏళ్ళ పాటు మద్రాసు సైన్యంలో మన జిల్లాల వాళ్ళు వేలకు వేలు పనిచేశారు. తెల్ల ఆఫీసరు ఎక్కడ పుట్టాడు, ఎవర్ని పెళ్ళాడాడు, ఎక్కడ పూడ్చారు అన్నదంతా రాసిపెట్టిన ప్రభుత్వం సిపాయి విషయంలో ఆ శ్రద్ధ చూపలేదు. అందుకే వెతకడం కష్టం, కానీ మొదటి యుద్ధం తర్వాతి వాళ్ళయితే చాలామంది దొరుకుతారు.

మొదటి పని: విన్న మాటను విన్నట్టు రాసుకోండి

నెట్ ముందు కూర్చోకముందే ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. ఫోన్లో రికార్డింగ్ పెట్టి, వాళ్ళు చెప్పిన మాటను మీ చదువుతో దిద్దకుండా ఉంచండి. "రంగం వెళ్ళాడు" అంటే రంగమనే రాయండి, రంగూన్ అని అప్పుడే మార్చొద్దు, ఎందుకంటే ఆ పాత మాటే మీకు కాలం చెబుతుంది. బర్మాతో యుద్ధాలు 1824-26లో, 1852లో, 1885లో జరిగాయి, మూడింటికీ మద్రాసు సైన్యం వెళ్ళింది, మళ్ళీ రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి 1945 దాకా బర్మాలోనే పోరు నడిచింది. బస్రా (ఇరాక్‌లోని రేవు ఊరు) అన్నారంటే ఎక్కువగా 1914-18. "జపాను వాళ్ళకు చిక్కాడు" అంటే 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయిన సంగతి అయ్యుండొచ్చు. "జర్మనీ యుద్ధం" దగ్గర మాత్రం జాగ్రత్త, మన ఊళ్ళలో రెండు యుద్ధాలనూ ఆ పేరుతోనే పిలిచినవాళ్ళున్నారు.

ఇక్కడ వయసుల లెక్క వేసుకోండి. మీ తాత 1930లో పుట్టారనుకుంటే వాళ్ళ నాన్న 1900 ప్రాంతంలో పుట్టి ఉంటారు, అంటే 1914కి పద్నాలుగేళ్ళ పిల్లాడు, 1942కి నలభై దాటినవాడు. జర్మనీ యుద్ధానికి వెళ్ళింది ఆయన కాకపోవచ్చు, ఆయన అన్నో చిన్నాన్నో అయ్యుండొచ్చు. కథలో మనిషి మారిపోవడం చాలా మామూలు. మా ఇంట్లో కూడా "తాత" అని అమ్మమ్మ చెప్పింది ఆవిడ తండ్రి తండ్రిని కాదు, తల్లి తండ్రిని. ఆ ఒక్క పొరపాటు వల్ల ఇంటిపేరు తప్పు పెట్టుకుని ఆరు నెలలు వెతికాం.

"సైన్యంలో చేశాడా" అని అడిగితే అవునంటారు, అక్కడితో అయిపోతుంది. ఇలా అడగండి: పింఛను ఎక్కడికెళ్ళి తెచ్చుకునేవారు? ఇంట్లో ఎవరైనా వేరే ఊళ్ళో పుట్టారా? మద్రాసు సైన్యపు సిపాయిలు భార్యాపిల్లలను వెంటబెట్టుకుని పటాలం లైన్లలో కాపురం ఉండేవాళ్ళు కాబట్టి, ఒక మేనత్త సికింద్రాబాద్‌లోనో, బళ్ళారిలోనో, కామ్టీలోనో, బెంగళూరులోనో పుట్టిందంటే ఆ సంవత్సరంలో ఆ కంటోన్మెంటులో ఏ పటాలం ఉందో చూసుకుంటే దారి దొరుకుతుంది. ఇంటిని ఊళ్ళో ఏమని పిలిచేవారో కూడా అడగండి. సుబేదారు గారి ఇల్లు, జమేదారు గారి ఇల్లు అని ఇప్పటికీ పిలిచే చోట్లున్నాయి. సిపాయి, నాయక్, హవల్దార్, ఆ పైన జమాదార్, సుబేదార్, సుబేదార్ మేజర్, ఇదీ కాల్బలంలో వరస. గుర్రపు దళంలో అయితే సవారు, దఫేదార్, రిసాల్దార్.

రెండో పని: ఇంట్లో ఉన్న లోహం, కాగితం

పతకం ఉంటే దయచేసి చింతపండు పెట్టి తోమకండి. మా ఇంట్లో ప్రతి దసరాకీ తోమారు, అంచు మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. మీకు కావాల్సింది ఆ అంచే. బిళ్ళను నిలబెట్టి, చీకటి గదిలో ఫోన్ టార్చిని పక్కనుంచి వేసి, అంచును కొంచెం కొంచెం తిప్పుతూ ఫొటోలు తీయండి. ఎదురుగా వెలుగు వేస్తే ఏమీ కనిపించదు, పక్కనుంచి వేస్తే అక్షరాల నీడ పడుతుంది.

మా బిళ్ళ అంచు మీద ముందు నాలుగంకెల నంబరు, తర్వాత ఎస్.పి.ఆర్., తర్వాత "అపల్‌సామి" అని చదివేలా ఒక పేరు, ఆ తర్వాత 2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎమ్. అని ఉంది. నంబరు ఆయనది. ఎస్.పి.ఆర్. అంటే సాపర్, అంటే దారులు వేసే, వంతెనలు కట్టే, కందకాలు తవ్వే దళంలో సిపాయి. చివరిది సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్, అంటే బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్స్. పేరు అప్పలస్వామి. వందేళ్ళు పెట్టెలో ఉన్నదానికి ఇంత సమాచారం అంచు మీదే ఉందని ఇంట్లో ఎవరూ గమనించలేదు, ఆ రోజు నాకు చేతులు వణికాయి.

మొదటి యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ ఇదే. రాజు అయిదో జార్జి, వెనక గుర్రం మీద మనిషి, 1914, 1918 అంకెలు. మామూలుగా వెండిది, కూలిపనికి, వంటకి, జంతువుల పోషణకి వెళ్ళిన ఫాలోయర్లకు కంచుది ఇచ్చారు. వెండిదానితో పాటు సాధారణంగా రెక్కలున్న స్త్రీ బొమ్మతో కంచు విక్టరీ మెడల్ కూడా ఉంటుంది. నక్షత్రం ఆకారంలో ఉన్నదైతే 1914 స్టార్ గానీ 1914-15 స్టార్ గానీ, దాని మీద పేరు వెనకవైపు ఉంటుంది. చనిపోయినవాళ్ళ ఇంటికి అరచేయంత కంచు పళ్ళెం లాంటిది ఒకటి పంపారు, దాని మీద సింహం పక్కన నిలబడ్డ బ్రిటానియా (బ్రిటన్‌కు గుర్తుగా వేసే స్త్రీ బొమ్మ), ఒక చట్రంలో చనిపోయినవాడి పేరు ఉంటాయి. హోదా ఉండదు, పేరు మాత్రమే. అటక మీద పాత ఇత్తడి సామాన్లలో అది పడి ఉండే అవకాశం ఉంది, వెతకండి.

రెండో యుద్ధపు పతకాల మీద పేరు లేకపోవచ్చు, కానీ ఏ స్టార్ అన్నదే సమాచారం. బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్, ఒక్కోటీ ఆయన ఎక్కడ తిరిగాడో చెబుతుంది. దేశం దాటకుండా పనిచేసినవాళ్ళకు ఇండియా సర్వీస్ మెడల్ ఇచ్చారు.

కాగితాల్లో డిశ్చార్జి సర్టిఫికెట్, పే బుక్, పింఛను పుస్తకం, పీపీఓ (పింఛను చెల్లింపు ఆదేశం) నంబరు ఉన్న ఏ చీటీ అయినా సరే బంగారంతో సమానం. చెదలు పట్టిన కాగితాన్ని విప్పే ముందు మూసి ఉన్నది ఉన్నట్టే ఒక ఫొటో తీయండి.

మూడో పని: పటాలం పేరు తేల్చుకోవడం

ఇక్కడే ఎక్కువమంది చిక్కుకుంటారు, ఎందుకంటే అదే పటాలానికి కాలాన్ని బట్టి వేర్వేరు పేర్లుంటాయి.

1895 దాకా మద్రాసు, బెంగాల్, బొంబాయి సైన్యాలు వేరువేరు. మద్రాసు సైన్యంలో కాల్బలానికి మద్రాస్ నేటివ్ ఇన్‌ఫెంట్రీ అని పేరు, 1వది, 2వది అని వరస. 1895లో మూడు సైన్యాలనూ కలిపారు. 1903లో సైన్యాధిపతి కిచెనర్ కాలంలో నంబర్లు మార్చినప్పుడు మద్రాసు పటాలాల నంబరుకు 60 కలిపారు. ఇది గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. 3వ పాలమకోట లైట్ ఇన్‌ఫెంట్రీ 63వది అయింది, 23వ వాలాజాబాద్ 83వది అయింది. కాబట్టి 61 నుంచి 93 దాకా నంబర్లు కనబడితే ఆ పటాలం పుట్టుక మద్రాసుది. కానీ పుట్టుక మద్రాసుది అయినంత మాత్రాన 1914 నాటికి అందులో మనవాళ్ళున్నారని కాదు. 62వ పంజాబీస్ అన్నది ఒకప్పటి 2వ మద్రాసు పటాలమే, మనుషుల్ని మార్చేసి పంజాబీలతో నింపారు. 1914లో తెలుగు, తమిళ సిపాయిల కోసం చూడాల్సింది కర్ణాటిక్ ఇన్‌ఫెంట్రీ అనే పేరున్న పటాలాల్లో, పయొనీర్లలో (దారి పనులు కూడా చేసే కాల్బలం), సాపర్లలో.

ఇలా ఎందుకయిందో కొంచెం చెప్పాలి. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్‌కి దక్షిణాది సిపాయి మీద చిన్నచూపు. వీర జాతులు, వీరం లేని జాతులు అంటూ ఒక సిద్ధాంతం తెచ్చి ఉత్తరాది వాళ్ళను ఎక్కువగా తీసుకుంటూ మనవాళ్ళను తగ్గించుకుంటూ వచ్చారు, 19వ శతాబ్దం చివరికి కాల్బలంలో తెలుగువాళ్ళ సంఖ్య బాగా పడిపోయింది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఎందుకంటే బెంగాల్‌లో, ఔధ్‌లో (లక్నో ప్రాంతంలో) ఈస్టిండియా కంపెనీ సిపాయిని పిలిచిన పేరే "తిలంగా". క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కు తీసుకెళ్ళిన తొలి సిపాయిల్లో తెలుగువాళ్ళుండబట్టి ఆ పేరు వచ్చింది, 1857లో ఢిల్లీలో తిరగబడిన సిపాయిలను, అంటే ఒక్క తెలుగు ముక్క రాని ఔధ్ మనుషులను, ఢిల్లీ జనం తిలంగాలనే పిలిచారు. అలాంటి పేరున్న వాళ్ళను వందేళ్ళు గడిచాక యుద్ధానికి పనికిరారన్నారు.

1922లో మళ్ళీ మార్పు. కర్ణాటిక్ పటాలాలను 3వ మద్రాస్ రెజిమెంట్ కింద పెట్టారు, 1928 నాటికి ఆ రెజిమెంటునే ఎత్తేశారు. రెండో యుద్ధంలో మళ్ళీ మద్రాస్ రెజిమెంట్‌ను నిలబెట్టారు. మద్రాస్ పయొనీర్లను 1933లో రద్దు చేశారు. సాపర్లు మాత్రం తెగిపోకుండా నడిచారు, ఇప్పటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ వాళ్ళే. రెండో యుద్ధంలో మనవాళ్ళు కాల్బలం కంటే సర్వీస్ కోర్, ఇంజనీర్లు, పయొనీర్లు, సిగ్నల్స్, మెడికల్ లాంటి చోట్ల ఎక్కువగా కనిపిస్తారు, కాబట్టి "మా తాత లారీ డ్రైవరు, సైనికుడు కాదు" అని ఎవరైనా అంటే నమ్మి ఆగిపోకండి, సర్వీస్ కోర్‌లో వెతకండి.

తెలంగాణ వాళ్ళకు ఒక మాట. నిజాం సొంత సైన్యం వేరు, బ్రిటిష్ వాళ్ళ చేతిలో బొల్లారంలో ఉండిన హైదరాబాద్ కంటింజెంట్ వేరు, సికింద్రాబాద్‌లో ఉండిన కంపెనీ సైన్యం వేరు. నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్స్ అనే గుర్రపు దళం వాళ్ళు మొదటి యుద్ధంలో మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి పాలస్తీనా వైపు పనిచేశారు, ఢిల్లీలో తీన్‌మూర్తి విగ్రహాలు ఆ మూడు దళాల గుర్తే. నిజాం సైన్యం అయితే మీరు వెళ్ళాల్సింది హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌కి. పాత దస్తావేజుల్లో చాలావరకు ఫార్సీ (పర్షియన్), ఉర్దూల్లో ఉంటాయి, చదవగలిగినవాళ్ళను వెంట తీసుకెళ్ళండి.

నాలుగో పని: పేరూ ఊరూ వాళ్ళు రాసినట్టు ఊహించడం

రాసినవాడు ఇంగ్లీషువాడో, అరవ రైటరో, చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఇంటిపేరు తరచుగా ఉండదు. స్వామి అన్నది సామి అవుతుంది, వెంకట అన్నదాని మధ్యలో కె బదులు సి అక్షరం రావచ్చు, నాయుడు చివర రెండు ఓలు ఉండొచ్చు. పేరును ఎన్ని రకాలుగా రాయవచ్చో ఒక కాగితం మీద పది పన్నెండు రాసుకుని ఒక్కోటీ కొట్టి చూడండి. మొదటి మూడు నాలుగు అక్షరాలే ఇచ్చి వెతకడం ఇంకా మంచిది.

ఊరి పేర్లకు ఆనాటి పేర్లే వాడాలి. కాకినాడ కొకనాడా, మచిలీపట్నం మసూలిపటం, శ్రీకాకుళం చికాకోల్, ఏలూరు ఎల్లోర్, విశాఖ వైజాగపటం. అంతకంటే ముఖ్యం, ఆనాటి జిల్లా. అప్పలస్వామి వివరాల్లో గంజాం జిల్లా అని ఉంది, అది చూసి ఈయన మనవాడు కాదు, ఒడియా మనిషి అని పక్కన పెట్టేశాం. తర్వాత తెలిసింది, చికాకోల్ తాలూకా 1936 దాకా గంజాంలోనే ఉండేదని. అలాగే పశ్చిమ గోదావరి జిల్లా పుట్టింది 1925లో, అంతకుముందు 1904 నుంచి భీమవరం, తణుకు, నరసాపురం వైపు వాళ్ళు కృష్ణా జిల్లా కింద కనిపిస్తారు. గుంటూరు జిల్లా 1904లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో వచ్చాయి. ఇవి చూసుకోకపోతే మనిషి కళ్ళెదుటే ఉన్నా దాటిపోతాం.

కులం గడి దగ్గర కూడా ఆగండి. పాత మద్రాసు సైన్యపు లెక్కల్లో తెలుగువాళ్ళను "జెంటూ" అని, "తెలింగా" అని రాసేవాళ్ళు. అది కులం కాదు, మన భాషవాళ్ళకు పెట్టిన పేరు.

అయిదో పని: తిరిగి రానివారి కోసం

యుద్ధంలో చనిపోతే అన్నిటికంటే ముందు చూడాల్సింది యుద్ధ మృతుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటు. రెండు యుద్ధాల మృతుల జాబితా ఉచితంగా ఉంటుంది. అందులో అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లోకి వెళ్ళి భారత సైన్యం వరకే వెతికేలా పెట్టుకోండి. పేరుతో దొరక్కపోతే అదనపు సమాచారం అనే గడి ఉంటుంది, నా దృష్టిలో మొత్తం వెబ్‌సైటులో విలువైనది అదే. భారత సైనికుల వివరాల్లో "ఫలానావారి కుమారుడు, ఫలానా ఊరు, ఫలానా తాలూకా, ఫలానా జిల్లా, మద్రాస్" అని చాలాచోట్ల రాసి ఉంటుంది, ఆ గడి ఆ వాక్యంలో వెతుకుతుంది. కాబట్టి పేరు వదిలేసి తాలూకా పేరు కొట్టండి. మాకు అప్పలస్వామి అలాగే దొరికాడు. తాలూకా పేరు కొడితే వచ్చిన జాబితాలో, మేం రాసుకున్న పన్నెండు రకాల్లో ఏ ఒక్కదానితోనూ కలవని అక్షరాల్లో ఆయన పేరు ఉంది. నంబరు మాత్రం పతకం అంచు మీద ఉన్నదే.

ఆయన పేరు పక్కన బస్రా మెమోరియల్ అని ఉంది. సమాధి తెలియని 40,000 మందికి పైగా ఆ స్మారకం కింద లెక్క. వెంటనే ఫొటోలు వెతికాను, ఆయన పేరు చెక్కిన ఫలకం చూద్దామని. లేదు. బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు, భారత దళాల్లో ఆఫీసర్ల పేర్లు చెక్కారు, హవల్దారు, అంతకంటే కింది భారత సైనికుల దగ్గరికి వచ్చేసరికి పటాలం పేరు రాసి ఇంతమంది అని అంకె వేశారు. ఇంటికి వెండి బిళ్ళ పంపినప్పుడు దాని అంచు మీద పేరు కొట్టడానికి వీలైంది, స్మారకం రాతి మీద చెక్కడానికి వీలు కాలేదు. 2021లో ఆ కమిషనే ఒక నివేదికలో ఒప్పుకుంది: 45,000 నుంచి 54,000 మంది ఆసియా, ఆఫ్రికా సైనికులను తెల్లవాళ్ళతో సమానంగా గుర్తుచేయలేదని, కనీసం 1,16,000 మందికి పేరుతో గానీ అసలు గానీ గుర్తు లేదని, ఆ సంఖ్య మూడున్నర లక్షల దాకా ఉండొచ్చని. కాబట్టి మీవాళ్ళ పేరు జాబితాలో లేకపోతే ఆయన వెళ్ళలేదని, కథ అబద్ధమని అనుకోవద్దు. కూలి దళాల్లో, ఫాలోయర్లుగా వెళ్ళినవాళ్ళయితే మరీను.

వేరే స్మారకాలు కూడా తెలిసి ఉండాలి. ఫ్రాన్స్‌లో సమాధి దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు నవ్ షాపెల్‌లో ఉన్నాయి. బర్మాలో పోయినవాళ్ళవి రంగూన్ మెమోరియల్‌లో, సింగపూర్, మలయా వైపు పోయినవాళ్ళవి క్రాంజీలోని సింగపూర్ మెమోరియల్‌లో. సింగపూర్‌లో చిక్కినవారిలో కొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు, కొందరు చేరలేదు, చాలామందిని జపాను వాళ్ళు న్యూ గినీ దాకా తీసుకెళ్ళి చాకిరీ చేయించారు. మొదటి యుద్ధంలో శత్రువుకు చిక్కినవాళ్ళయితే జెనీవాలోని రెడ్‌క్రాస్ వాళ్ళు ఖైదీల కార్డులు నెట్‌లో పెట్టారు, ఓపికుంటే ఆ కార్డులు ఒక్కొక్కటీ తిప్పి చూడొచ్చు.

ఆరో పని: తిరిగొచ్చినవారి కోసం

ఇది కమిషన్ వెబ్‌సైటు కంటే కష్టం. రెండో యుద్ధపు సైనికుడైతే ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. రెండో యుద్ధంలో పనిచేసి పింఛను రానివాళ్ళకు, వాళ్ళ భార్యలకు రాష్ట్ర ప్రభుత్వం నెలవారీ సాయం ఇచ్చింది కాబట్టి, తాతగారో నాయనమ్మో అది తీసుకుని ఉంటే నంబరు, యూనిట్ ఉన్న ఫైలు అక్కడే ఉండొచ్చు.

నంబరు దొరికాక సంబంధిత రికార్డ్ ఆఫీసుకు రాయండి. సాపర్లయితే బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లో వెల్లింగ్టన్, పయొనీర్లకీ బెంగళూరే, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, మెడికల్ కోర్‌కి లక్నో, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈకి సికింద్రాబాద్. మొదటి జవాబు ఎక్కువగా ఒకేలా ఉంటుంది: గడువు తీరినందున పత్రాలు నాశనం చేశాం అని. నాకు ఒక ఆఫీసు నుంచి అలాగే రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది, ఇక అయిపోయిందనుకుని ఆరు నెలలు ఊరుకున్నాను. ఊరుకోవాల్సింది కాదు. పింఛను రానివాళ్ళ పూర్తి సర్వీసు పత్రాలను పాతికేళ్ళ తర్వాత తీసేస్తారు, నిజమే. కానీ లాంగ్ రోల్ అనే రిజిస్టరు ఉంటుంది, దాన్ని శాశ్వతంగా ఉంచాలి. అందులో వరసగా ఒక్కో మనిషికి ఒక్కో లైను, నంబరు, పేరు, చేరిన తేదీ, బయటికొచ్చిన తేదీ, కారణం. కాబట్టి ఉత్తరంలో "సర్వీసు వివరాలు ఇవ్వండి" అని రాయకండి, "లాంగ్ రోల్‌లో ఈ నంబరు ఎదురుగా ఉన్న వివరాల నకలు ఇవ్వండి" అని రాయండి. మామూలు ఉత్తరానికి జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, మీకు ఆయనతో బంధుత్వం ఏమిటో చూపే కాగితం, మరణ ధ్రువీకరణ జత చేయండి. ముప్పై రోజుల గడువు ఉంటుంది. నంబరు లేకుండా పేరొక్కటే రాస్తే ఏ ఆఫీసూ ఏమీ చేయలేదు, అందుకే పై పనులన్నీ ముందు చెప్పాను.

శౌర్య పతకం వచ్చిందని కథ ఉంటే లండన్ గెజిట్ నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, పేరుతో వెతకండి.

పంజాబ్ వాళ్ళకు ఉన్న సౌకర్యం మనకు లేదని ఒప్పుకోవాలి. మొదటి యుద్ధం అయ్యాక అక్కడి ప్రభుత్వం ఊరూరా ఎవరెవరు వెళ్ళారో రిజిస్టర్లు రాయించింది, అవి లాహోర్ మ్యూజియంలో వందేళ్ళు ఉండి, 3 లక్షల 20 వేల మంది వివరాలతో 2021 నుంచి నెట్‌లోకి వస్తున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీకి అలాంటిది ఒక్కటి నా చేతికి తగిలి ఉంటే మూడేళ్ళ పని మూడు గంటల్లో అయ్యేది.

ఏడో పని: ఊళ్ళో రాయి, తాలూకా ఆఫీసులో భూమి

కంప్యూటర్ మూసేసి ఊరెళ్ళండి. మొదటి యుద్ధం తర్వాత మనుషుల్ని పంపిన ఊళ్ళలో చిన్న తెల్లరాతి పలకలు పెట్టారు: ఈ ఊరినుంచి ఇంతమంది 1914-1919 మహాయుద్ధానికి వెళ్ళారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఇంగ్లీషులో నాలుగు వరసలు. పేర్లుండవు, అంకెలే. పాత పంచాయతీ ఆఫీసు గోడకో, బడి గోడకో, చావడికో ఉంటుంది, సున్నం పూతల కింద కూడా ఉండొచ్చు. ఆ అంకె దొరికితే వెబ్‌సైటులో మీ ఊరి పేరుతో వచ్చినవాళ్ళను లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం సంగతి వేరు. మిలిటరీ మాధవరం అనే పేరే ఉంది, మొదటి యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యిమందికి పైగా ఆ ఒక్క ఊరినుంచి వెళ్ళారని చెబుతారు. మీ బంధుత్వాలు ఆ చుట్టుపక్కల ఉంటే ముందు అక్కడికే వెళ్ళండి, తరాల లెక్క నోటితో చెప్పేవాళ్ళున్నారు.

ఇక భూమి. సిపాయిలకు, సుబేదార్లకు ఇనాములు, తర్వాతి కాలంలో మాజీ సైనికుల పట్టాలు ఇచ్చారు. పాతకాలం ఇనాము అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టర్ చూడాలి, 1858 తర్వాత ఇనాం కమిషన్ వాళ్ళు ఎవరికి, ఎప్పుడు, ఎందుకు ఇచ్చారో విచారించి రాసిన రిజిస్టర్ అది. సెటిల్‌మెంట్ రిజిస్టర్, డైగ్లాట్ (రెండు భాషల్లో రాసిన భూమి రిజిస్టర్) కూడా అడగండి. పొలం సర్వే నంబరు తెలిస్తే వెతకడం తేలిక, కాబట్టి పాత దస్తావేజు ఒకటి తీసుకెళ్ళండి.

1895కి ముందువాళ్ళయితే

ఒక్కో సిపాయి పేరుతో వివరం దొరకడం అరుదు. ఆయన పటాలం కథ మాత్రం దొరుకుతుంది, దాన్నే గట్టిగా పట్టుకోండి. చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వపు మిలిటరీ కాగితాలున్నాయి, ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంట్లోంచే వెతకొచ్చు, లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్ ఉన్నాయి. పేరు కోసం చూడాల్సింది కోర్ట్ మార్షల్ కాగితాల్లో, పింఛను అర్జీల్లో, గాయపడినవారి జాబితాల్లో. సిపాయి పేరు ఆ కాగితాలకెక్కేది ఎక్కువగా ఆయనకు కష్టం వచ్చినప్పుడే.

తిరుగుబాట్ల కాగితాలు తప్పక చూడండి. 1780 అక్టోబరు 3న విశాఖలో, హైదరాలీతో యుద్ధానికి ఓడెక్కి మద్రాసు పొమ్మంటే ఉత్తర సర్కారుల సిపాయిలు మేం ఎక్కం అని మొండికేశారు, ఆఫీసర్ల మీద కాల్పులు జరిపారు. 1806 జులై 10న వేలూరు కోటలో కొత్తరకం తలపాగా పెట్టుకోమని, బొట్టూ గడ్డం తీసేయమని పెట్టిన ఆజ్ఞలమీద సిపాయిలు లేచారు, ఆర్కాటు నుంచి వచ్చిన గుర్రపుదళం వందల మందిని చంపింది. అదే సైన్యం 1857లో చాలావరకు కదల్లేదు. మీ పూర్వీకుడు వీటిలో ఏ పక్కన ఉన్నాడో తెలిస్తే ఉన్నది ఉన్నట్టు రాయండి. 1914లో సిపాయి జీతం నెలకు 11 రూపాయలు, అప్పు తీర్చడానికి వెళ్ళినవాడు, ఊళ్ళో అవమానం భరించలేక వెళ్ళినవాడు, అన్న వెళ్ళాడని వెళ్ళినవాడు ఉంటారు. దేశద్రోహి అనో మహావీరుడనో ముందే ముద్రవేసి వెతికితే దానికి సరిపోయే కాగితమే కళ్ళకు కనిపిస్తుంది, మిగతావి దాటిపోతాం.

మొదటి యుద్ధపు వాళ్ళకు ఇంకోటుంది. లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో యూనిట్ల వార్ డైరీలు ఉన్నాయి, ఏ రోజు ఎక్కడ మకాం, ఎంత ఎండ, ఎంతమంది జబ్బుపడ్డారు అన్నది రోజువారీ రాస్తారు. సిపాయి పేరు ఉండదు, కానీ ఆయన చనిపోయిన తేదీ మీ దగ్గరుంటే ఆ పేజీ తీసి చదవండి.

చివరి పని: తప్పు దిద్దించడం, తిథి తెలుసుకోవడం

కమిషన్ జాబితాలో పేరు, ఊరు తప్పుగా ఉంటే దిద్దమని అడగొచ్చు. పతకం అంచు ఫొటో, కుటుంబ వివరాలు, ఉంటే రికార్డ్ ఆఫీసు ఉత్తరం జతచేసి వాళ్ళ వెబ్‌సైటు నుంచే పంపాలి. మేం ఊరి పేరు దిద్దమని పంపాం.

రెండోది ఏ వెబ్‌సైటూ చెప్పదు. అప్పలస్వామి ఏ రోజు పోయాడో తెలీక మా ఇంట్లో నూరేళ్ళుగా ఆయనకు మహాలయ అమావాస్య నాడే పెడుతున్నారు. తేదీ దొరికింది కాబట్టి పాత సంవత్సరాలకు లెక్కకట్టే పంచాంగం సైటులో ఆ తేదీ, బస్రా ఊరు పెట్టి తిథి చూశాం, కాగితం మీద రాసి పురోహితుడి గారికి చూపించాం, ఆయన ఇంకోసారి లెక్కచూసి ఖాయం చేశారు. తిథి రెండు రోజుల్లో విస్తరించి ఉంటే ఏ రోజుదో ఆయన్నే చెప్పమనండి, కమిషన్ జాబితాలో ఒక్క తేదీ కాకుండా ఈ తేదీ నుంచి ఆ తేదీ మధ్య అని ఉన్నా అంతే. మాది ఆషాఢంలో పడింది. ఈ ఏడు మొదటిసారి మా మేనమామ ఆ తిథి నాడు, అప్పలస్వామి పేరు ఆయన తండ్రిపేరుతో కలిపి చెప్పి, పెట్టాడు.